పోయే తోవ వేరు, వచ్చే తోవ వేరు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నెల కింద ఫోన్ చేసి, "నువ్వు కార్ల కంపెనీలకు ఏదో పని చేస్తవు గదా అన్నా, ఆ పని ఏందో అందరికీ అర్థమయ్యేటట్టు ఇరవై నిమిషాలు చెప్పు" అన్నాడు. సరే అన్నాను గానీ, ఆ "అర్థమయ్యేటట్టు" అన్న మాటే బరువైంది. ఇరవై ఏళ్ళ నుంచి నేను చేసే పనిని మా ఇంట్లోవాళ్ళు "యాక్సిలరేటర్ల పని" అనే అంటారు. ఆ మాట తప్పేమీ కాదు. ఈ రోజు దాని నుంచే మొదలుపెడతాను. చివరికి మన బోధన్ చెరుకు దగ్గరికీ, మన బడి దగ్గరికీ వస్తాను.

మనం చదువుకునే రోజుల్లో బండి యాక్సిలరేటర్ అంటే ఒక వైరు. కాలు నొక్కితే వైరు లాగుతుంది, వైరు లాగితే కార్బురేటర్‌లో బిళ్ళ తెరుచుకుంటుంది, గాలి లోపలికి పోతుంది, గాలితో పాటు పెట్రోలు పోతుంది. కాలుకూ బిళ్ళకూ నడుమ ఇంకెవరూ లేరు. 1980ల చివర్లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్ కారులో ఆ వైరును తీసేసింది. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే కొత్త పెట్రోలు కార్లు దాదాపు అన్నీ అట్లాంటివే. మీరు పెడల్ నొక్కినప్పుడు బిళ్ళ కదలదు. మీ కాలు ఎంత నొక్కిందో ఒక సెన్సార్ కొలిచి, ఈసీయూ అనే చిన్న కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ కంప్యూటర్ ఇంజను వేడి, వేగం, ఏసీ వేశారా లేదా, ఇవన్నీ చూసుకుని, "బిళ్ళను ఇన్ని డిగ్రీలు తెరువు" అని ఒక చిన్న డీసీ మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. పొగ తగ్గాలన్నా, మైలేజీ పెరగాలన్నా, 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వచ్చిన బీఎస్-6 నిబంధనల వంటివి పాటించాలన్నా, గాలిని ఇంత జాగ్రత్తగా కొలిచి పంపక తప్పదు.

ఈ పరికరాన్ని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అంటారు. చూడటానికి అరచేతిలో పట్టేంత అల్యూమినియం డబ్బా. అందులో గాలి పోయే గొట్టం, గొట్టానికి అడ్డంగా ఇరుసు మీద తిరిగే గుండ్రటి బిళ్ళ, పక్కన మోటారు, మోటారు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే రెండు జతల పళ్ళ చక్రాలు, బిళ్ళను వెనక్కి లాగే స్ప్రింగు, బిళ్ళ ఎక్కడుందో చెప్పే రెండు సెన్సార్లు ఉంటాయి. రెండెందుకంటే ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుంది. కరెంటు మొత్తం పోయినా స్ప్రింగు బిళ్ళను పూర్తిగా మూయదు, కొద్ది డిగ్రీలు తెరిచి ఉంచుతుంది. అడవి నడుమ చెడిపోయినా బండి మెల్లగా మెకానిక్ షెడ్డు దాకా చేరుకోవాలని ఆ ఏర్పాటు.

ఇంత చిన్న యంత్రంలో ఇరవై ఏళ్ళ పని ఏముంటుందని మీకు అనుమానం రావచ్చు. చెబుతాను.

ఒక థ్రాటిల్‌ను బల్ల మీద బిగించి, మోటారుకు వోల్టేజీ మెల్లగా పెంచుతూ పోదాం. మొదట బిళ్ళ కదలదు. ఇరుసుకూ బేరింగుకూ నడుమ ఘర్షణ పట్టి ఉంటుంది. కొంత దాటాక కదులుతుంది. లెక్క కోసం అనుకుందాం: 3 వోల్టుల దగ్గర 30 డిగ్రీలకు వచ్చింది. ఇంకా పెంచి, పూర్తిగా తెరిచి, ఇప్పుడు మెల్లగా తగ్గిస్తూ వద్దాం. మళ్ళీ 3 వోల్టుల దగ్గరికి వచ్చాం. బిళ్ళ 30 డిగ్రీల దగ్గర ఉండాలి గదా? ఉండదు. ఇంకా ఎక్కువే తెరుచుకుని ఉంటుంది. అది 30కి రావాలంటే 2 వోల్టుల దాకా దిగాలి. తెరిచేటప్పుడు ఘర్షణ స్ప్రింగుతో కలిసి మోటారుకు ఎదురు నిలుస్తుంది. మూసేటప్పుడు అదే ఘర్షణ స్ప్రింగుకు ఎదురు నిలిచి మోటారుకు సాయం చేస్తుంది. అందుకని పోయే తోవ వేరు, వచ్చే తోవ వేరు. రెండు తోవల్నీ కాగితం మీద గీస్తే నడుమ ఖాళీ ఉన్న ఒక వలయం వస్తుంది.

దీనికి పేరు హిస్టెరిసిస్. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ ఆల్ఫ్రెడ్ యూయింగ్ అనే శాస్త్రవేత్త 1880ల తొలి రోజుల్లో, టోక్యోలో పాఠాలు చెబుతున్న కాలంలో, ఇనుములో అయస్కాంతత్వం గురించి పరిశోధన చేస్తూ ఈ మాటను పుట్టించాడు. గ్రీకు భాషలో వెనకబడటం అని దాని అర్థం. మన ఫిజిక్స్ సార్ బోర్డు మీద ఇనుము వలయం గీసింది వెనక బెంచీ వాళ్ళకు కూడా గుర్తుండే ఉంటుంది. బొమ్మ బాగుండేది, పరీక్షలో మార్కులు వచ్చేవి.

చదువుకోని వాళ్ళకు కూడా ఇది తెలుసు. మా ఊరు నిజాంసాగర్ కాలువ కింద ఉంది. అక్కడి లస్కర్ కాక తూము షట్టర్ చక్రం తిప్పుతుంటే మేము చుట్టూ మూగేవాళ్ళం. షట్టర్ లేపుతూ లేపుతూ కొంచెం దించాలనుకుంటే, చక్రం వెనక్కి తిప్పిన మొదటి సగం చుట్టుకు షట్టర్ కదలదు. మరలో ఉన్న ఖాళీ నిండాకే కదులుతుంది. "ఉల్టా తిప్పితే సగం చుట్టు ఉత్తగ పోతది బిడ్డా" అనేవాడు ఆయన. ఆ సగం చుట్టును లెక్కలో వేసుకునే నీళ్ళు వదిలేవాడు. నేను తర్వాత చేసిన పని కూడా అదే, ఆ ఉత్త సగం చుట్టును లెక్కలో పెట్టడం.

లెక్కలో పెట్టకపోతే ఏమవుతుంది? బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉందనుకోండి. ఇంజను ఐడిలింగ్‌లో బిళ్ళ ఒక్క డిగ్రీలో చిన్న భాగం మేరకు కదలాలి. కంప్యూటర్ కొంచెం వోల్టేజీ ఇస్తుంది, బిళ్ళ అంటుకుని కదలదు. తేడా మిగిలిపోయింది గనక ఇంకొంచెం, ఇంకొంచెం పెంచుతూ పోతుంది. ఒక్కసారిగా పట్టు వదిలి బిళ్ళ ఎగిరి అవతలికి దూకుతుంది. ఎందుకంటే నిలబడి ఉన్నప్పటి ఘర్షణ కంటే కదులుతున్నప్పటి ఘర్షణ తక్కువ. ఇప్పుడు వెనక్కి లాగాలి. అక్కడ మళ్ళీ అంటుకుంటుంది, మళ్ళీ దూకుతుంది. ఇట్లా ఇంజను ఊగిసలాడుతూనే ఉంటుంది. దీన్నే హంటింగ్ అంటాం. లోపల కూర్చున్నవాళ్ళకు బండి ఆయాసపడుతున్నట్టు ఉంటుంది.

అందుకే ఆ వలయానికి ఒక లెక్క కావాలి. దాన్నే మోడల్ అంటాం. కులూంబ్ అనే ఫ్రెంచి ఇంజనీరు 18వ శతాబ్దంలోనే ఘర్షణకు సులువైన సూత్రం ఇచ్చాడు. ఎటు కదిలితే దానికి ఎదురుగా ఒకే బలం. కానీ బిళ్ళ కదలకుండా ఉన్నప్పుడు ఎటు ఎదురు? అక్కడ ఆ సూత్రం తడబడుతుంది. థ్రాటిల్‌కు కావలసింది సరిగ్గా అక్కడే. 1968లో డాల్ అనే ఇంజనీరు ఘర్షణను చిన్న స్ప్రింగులాగా చూశాడు. దాన్ని పెంచి 1995లో లుగ్రే అనే మోడల్ తెచ్చారు. స్వీడన్‌లోని లుండ్, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పట్టణాల పరిశోధకులు కలిసి చేసింది కనుక ఆ పేరు. రెండు చీపుళ్ళను ఎదురెదురుగా పెట్టి పుల్లలు పుల్లల్లోకి దూర్చినట్టు ఊహించుకోండి. ఒకదాన్ని కొంచెం తోస్తే పుల్లలు వంగుతాయి గానీ జారవు. ఇంకా తోస్తే జారుతాయి. వదిలితే వంగిన పుల్లలు కొంచెం వెనక్కి తంతాయి. రెండు లోహపు ముఖాల నడుమ జరిగేదాన్ని ఆ మోడల్ అట్లా లెక్క కడుతుంది.

ఇంకొక మోడల్ ఉంది. దాన్ని చెప్పడానికి మన తొమ్మిదో తరగతే సరైన ఉదాహరణ. సార్ ఇంకా రాలేదు, క్లాసంతా గోల. వరండా చివర చెప్పుల చప్పుడు వినగానే భయస్థుడు నోరు మూస్తాడు. సార్ వెళ్ళిపోయి స్టాఫ్‌రూములో కూర్చున్నాకే మళ్ళీ తెరుస్తాడు. గట్టివాడు సార్ గుమ్మంలో కాలు పెట్టే దాకా ఆపడు, సార్ వీపు తిప్పగానే మొదలుపెడతాడు. మిగతావాళ్ళు ఈ ఇద్దరి నడుమ. ప్రతి ఒక్కడికీ రెండు గీతలు ఉన్నాయి, నోరు మూసే గీత ఒకటి, తెరిచే గీత ఒకటి. ఇప్పుడు సార్ వరండా నడుమ నిలబడ్డాడు. క్లాసులో గోల ఎంత? సార్ ఎక్కడున్నాడో చెబితే చాలదు. వస్తున్నాడా, పోతున్నాడా అన్నది కూడా చెప్పాలి. వస్తుంటే గోల ఎక్కువ, పోతుంటే తక్కువ. నిలబడ్డ చోటు మాత్రం ఒక్కటే.

1935లో ఫెరెంక్ ప్రైజాక్ అనే శాస్త్రవేత్త అయస్కాంతాల గురించి చెప్పింది ఇదే. హిస్టెరిసిస్‌ను రెండేసి గీతలున్న చిన్న చిన్న స్విచ్చుల సమూహంగా లెక్క కట్టవచ్చన్నాడు. అందులో ఇంకో చక్కటి గుణం ఉంది. సార్ వరండాలో కాస్త ముందుకూ వెనక్కీ తిరిగితే ఆ తిరుగుడు గుర్తులన్నీ క్లాసులో మిగిలి ఉంటాయి. కానీ హెడ్మాస్టర్ గారు నేరుగా క్లాసులోకి వచ్చి నిలబడితే అందరూ మౌనం. ఆ పాత గుర్తులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పెద్ద కదలిక చిన్న కదలికల జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది.

థ్రాటిల్ కంప్యూటర్ ఒకటి రెండు మిల్లీసెకన్లకు ఒకసారి ఈ లెక్క చేయాలి. లెక్క మరీ పెద్దదైతే సమయం చాలదు, మరీ చిన్నదైతే నిజానికి దూరమవుతుంది. పైగా మైనస్ 40 డిగ్రీల చలి గదిలో గ్రీజు గట్టిపడినప్పుడు ఉండే వలయం, మన నిజామాబాద్ మే నెల ఎండలో ఇంజను పక్కన ఉండే వలయం ఒకటి కావు. కొత్త బండికీ, మసి పట్టిన పాత బండికీ ఒకటి కావు. అందుకే మూడు పనులు చేస్తాం. బిళ్ళ ఎటు తిరగబోతోందో ముందే తెలుసు గనక, దిక్కు మారేటప్పుడు ఆ "ఉత్త సగం చుట్టు"కు సరిపడా వోల్టేజీ ముందే కలుపుతాం. తాళం వేయగానే కొన్ని బండ్లలో సన్నగా కిర్రుమనడం వింటారు, అది బిళ్ళ తన హద్దుల్ని మళ్ళీ చూసుకోవడం. మూడోది, అవసరమైన చోట మోటారుకు చాలా చిన్న వణుకు ఇస్తాం. దీన్ని డిథర్ అంటాం. వణుకుతూ ఉన్న వస్తువు అంటుకుపోదు. ఈ మూడో దాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మన ఊళ్ళో మెకానిక్ షెడ్లు నడిపే పూర్వ విద్యార్థులు కూడా ఈ సభలో ఉన్నారు. వాళ్ళకు ఒక మాట. థ్రాటిల్ శుభ్రం చేసేటప్పుడు బిళ్ళను వేలితో గట్టిగా తోయకండి, లోపలి పళ్ళు ప్లాస్టిక్‌వి కావచ్చు. మసి పోయాక గాలి లెక్క మారుతుంది. కంపెనీ చెప్పిన పద్ధతిలో కంప్యూటర్‌కు మళ్ళీ నేర్పించండి. ఐడిలింగ్ ఎక్కువైందని కస్టమర్ మరునాడే తిరిగి వస్తే, పార్టు చెడిందని అనుకోకముందు ఇది చూడండి.

హిస్టెరిసిస్ అంటే ఎప్పుడూ రోగమే అనుకోవద్దు. ఇంటి మీద వాటర్ ట్యాంకు ఆటోమేటిక్ స్విచ్చు నీళ్ళు బాగా తగ్గాక మోటారు వేస్తుంది, నిండాక ఆపుతుంది. రెండు గీతలూ ఒకచోటే ఉంటే మోటారు నిమిషానికి పదిసార్లు ఆగి మొదలై కాలిపోతుంది. వైరు తీసేసిన కొత్త పెడల్ మరీ తేలికై కాలు నిలవదని, కంపెనీలు పెడల్‌లో కావాలని ఘర్షణ పెడతాయి. ఆ మంచి కూడా శ్రుతి మించవచ్చు. 2010 జనవరిలో టయోటా అమెరికాలో సుమారు 23 లక్షల వాహనాలను వెనక్కి పిలిపించింది. కాలికి పట్టు ఇవ్వడానికి పెట్టిన ఆ ఘర్షణ భాగమే అరిగి, పెడల్ వెనక్కి రావడం ఆలస్యమయ్యే ప్రమాదం ఉందని. ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌నే అందరూ అనుమానించారు. నాసా ఇంజనీర్లు నెలల తరబడి పరీక్షించారు. బండ్లు ప్రమాదకరంగా దూసుకుపోవడానికి ఎలక్ట్రానిక్స్ కారణమని వాళ్ళకు ఆధారం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. ఘర్షణ ఎంత ఉండాలో అంతే ఉండాలి. ఆ "అంతే" ఎంతో కనిపెట్టడమే మా జీతం.

ఇక బోధన్ దగ్గరికి వస్తాను.

మంజీర మీద అలీ నవాజ్ జంగ్ కట్టించిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్ళను చూసుకునే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, శక్కర్‌నగర్ అని ఊరి పేరే పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. సీజన్‌లో చెరుకు బండ్ల బారులు, మొలాసిస్ వాసన, బండి వెనక ఉరికి చెరుకు గడ లాగిన పిల్లలు. ఆ పిల్లలు చాలామంది ఇప్పుడు నెరిసిన తలలతో ఈ హాల్లోనే ఉన్నారు.

ఆ ఫ్యాక్టరీ లోపల కూడా హిస్టెరిసిస్ ఉండేది. చిక్కటి చెరుకు పాకం చక్కెరతో పూర్తిగా నిండినా, వెంటనే పలుకు కట్టదు. ఇంకా చిక్కబడాలి, లేదా సన్నటి చక్కెర పొడిని విత్తనంగా వేయాలి. ఒకసారి పలుకు కట్టాక మాత్రం, ఆ చిక్కదనం తగ్గినా పలుకు పెరుగుతూనే ఉంటుంది. పాకం బాగా పలచబడితే తప్ప కరగదు. పలుకు కట్టే గీత వేరు, కరిగే గీత వేరు. పాన్ దగ్గర నిలబడే అనుభవజ్ఞులు ఈ రెండు గీతల నడుమ బతికినవాళ్ళు.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. అప్పటి నుంచి గానుగ ఆగింది. మళ్ళీ తెరవాలన్న మాట ప్రతి ఎన్నికకూ వింటూనే ఉన్నాం. తెరవాలని నేనూ కోరుకుంటాను. కానీ ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. ఫ్యాక్టరీ ఉన్నప్పుడు ఎంత ధరకు రైతు చెరుకు వేశాడో, రేపు అదే ధర ఇస్తే అంత చెరుకు రాదు. ఆ నడుమ కాలంలో రైతు వరికీ, సోయాకూ, పసుపుకూ మళ్ళాడు. పొలం మళ్ళు మారాయి. చెరుకు నరికే ముఠాలు వేరే పనులు చూసుకున్నాయి. విత్తనపు గడ దూరం నుంచి తేవాలి. నరికిన చెరుకు ఒక రోజులో గానుగకు చేరకపోతే తీపి తగ్గుతుంది కనుక, బండ్లూ లారీలూ తూకాలూ అన్నీ మళ్ళీ ఒక్కసారే నిలబడాలి. ఏడాది పంట చేతిలో పట్టుకుని, మళ్ళీ మూతబడితే ఎట్లా అని రైతు ఆలోచిస్తాడు. వదిలిన గీత వేరు, తిరిగి పట్టే గీత వేరు. బొంబాయిలో పుట్టిన ఆర్థికవేత్త అవినాశ్ దీక్షిత్ 1989లో ఇదే విషయాన్ని వ్యాపారాల గురించి లెక్కలతో చూపించాడు. రేపు ఎట్లుంటుందో తెలియనప్పుడు, మూసేసే ధరకూ తెరిచే ధరకూ నడుమ ఖాళీ ఇంకా పెరుగుతుందని. అందుకని ఫ్యాక్టరీ తెరిచేవాళ్ళు యంత్రాల మరమ్మతుకు లెక్క కట్టినట్టే, రైతు నమ్మకానికీ లెక్క కట్టాలి. మొదటి రెండు మూడు సీజన్లు పాత ధర కంటే ఎక్కువ, పైసలు చెప్పిన రోజుకు. ఆ ఉత్త సగం చుట్టుకు ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి.

ఇప్పుడు మన బడి. మేము చదివినప్పుడు పదో తరగతికి మూడు సెక్షన్లు. ఈ రోజు పెద్దసార్ చెప్పిన ప్రకారం ఒక్కటే. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది. లెక్కల సార్ పోతే ఇంకొందరు పిల్లలు పోతారు. ఆ పోయిన పోస్టును రేపు తిరిగి ఇచ్చినా పోయిన పిల్లలు రారు. వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కూడా వేరే బడి బస్సు ఎక్కడం అలవాటు పడతారు. పది మంది పిల్లలు పోకుండా ఆపడానికి అయ్యే శ్రమ కంటే, పోయిన పది మందిని తేవడానికి ఎన్నో రెట్లు కావాలి. అందుకని పోయాక చూద్దాం అనుకోవద్దని నా విన్నపం.

స్వర్ణోత్సవానికి సంఘం పెద్ద మొత్తం పోగు చేసింది. గేటు కడదామని కొందరు, విగ్రహం పెడదామని కొందరు అంటున్నారు. నేను వద్దనను. కానీ ఇందాక గుర్తుంచుకోమన్న మూడో పని ఉంది గదా, డిథర్. యాభై ఏళ్ళకు ఒకసారి పెద్దగా తోయడం కంటే, ఆగకుండా చిన్నగా కదిలిస్తూ ఉండటం మేలు. నెలకు ఒక్కరు, ఏడాదికి పన్నెండు మంది. డాక్టరో, రైతో, మెకానిక్కో, బ్యాంకు ఉద్యోగో, ఒక శనివారం వచ్చి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో రెండు గంటలు తన పని గురించి మాట్లాడాలి. సైన్సు ల్యాబుకు ఏటా కొంత, ఆగకుండా. లెక్కల పోస్టు ఖాళీ అయితే, ప్రభుత్వం నింపే దాకా సంఘం ఖర్చుతో ఒక విద్యా వలంటీరు, వారం కూడా ఆలస్యం లేకుండా. మొదటి నెలకు నా పేరు రాసుకోండి. ఒక పాత థ్రాటిల్‌ను విప్పి తెస్తాను. పిల్లలు బ్యాటరీ కలిపి, వోల్టేజీ పెంచుతూ ఒక గీత, తగ్గిస్తూ ఒక గీత, వాళ్ళ చేతులతోనే గ్రాఫు కాగితం మీద గీస్తారు. వలయం వాళ్ళకే కనబడుతుంది. మిగతా పదకొండు నెలల జాబితా కార్యదర్శి దగ్గర బల్ల మీద ఉంది. భోజనాలకు లేచే ముందు దయచేసి అక్కడికి వెళ్ళి పేరు రాయండి.

మాకు ఘర్షణ అంటే ఏమిటో, ఓపిక అంటే ఏమిటో నేర్పిన గురువులందరికీ పాదాభివందనం.